అండమాను విహారయాత్ర : ముందుచూపు, మెలకువలు

ద్వీపం అనగానే మన కన్నుల ముందు నీలి సముద్రం, తెల్లని ఇసుక తిన్నెలు, గాలికి తల లూపే కొబ్బరి చెట్లు మెదులుతాయి. పరీక్షలు ముగిసి సెలవులు సమీపించినప్పుడు విద్యార్థులు మిత్రబృందాలుగా కూడి ఎక్కడికి వెళదామని ఆలోచించడం సహజం. ఆ ఆలోచనలలో ఇటీవల అండమాను పేరు తరచుగా వినవస్తున్నది. అయితే విహారయాత్ర అంటే టిక్కెట్టు కొని బయలుదేరడమే అని భావించే మిత్రులకు మేము ఒక మాట మనవి చేయదలచినాము. పట్టణానికో, పుణ్యక్షేత్రానికో వెళ్లినప్పుడు బస్సు తప్పితే రైలున్నది, ఒక వస్తువు మరచిపోతే పక్క వీథిలో అంగడి ఉన్నది. ద్వీపం అటువంటిది కాదు. అక్కడ ఓడ ఆగితే ప్రయాణం ఆగుతుంది. వాన కురవకపోతే తాగునీటికి కటకట ఏర్పడుతుంది. బియ్యం మొదలు పెట్రోలు వరకు ఎన్నో వస్తువులు సముద్రం దాటి రావలసిందే. కావున ద్వీపయాత్రకు ముందుచూపు అవసరం. ఆ ముందుచూపు ఏయే విషయాలలో ఉండాలో, అందుకు కారణాలేమో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాము.

దీవుల స్వరూపం

బంగాళాఖాతానికి ఆగ్నేయ దిశలో ఉత్తర దక్షిణాలుగా దండవలె పరచుకొని ఉన్నవి అండమాన్, నికోబార్ దీవులు. చిన్న దీవులను, నీటి నుండి పైకి తేలిన రాతి గుట్టలను కూడ లెక్కించితే వీటి సంఖ్య 836. అందులో జననివాసం కలవి 31 మాత్రమే. మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. బర్మాలోని అరకాన్ పర్వతశ్రేణి సముద్రగర్భంలోనికి సాగిపోగా, దాని శిఖరాలే ఈ దీవులుగా పైకి కనిపిస్తున్నవని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అండమానులకు, నికోబారులకు నడుమ సుమారు 150 కిలోమీటర్ల వెడల్పు గల సముద్రం ఉన్నది. పదవ అక్షాంశరేఖ దాని మీదుగా పోవడం చేత దానికి పది డిగ్రీల కాలువ అని పేరు వచ్చింది. సామాన్య యాత్రికులకు ప్రవేశం ఉన్నది అండమానులకే. నికోబారులకు ప్రత్యేకమైన అనుమతి కావాలి గనుక వాటిని ఈ వ్యాసంలో ప్రస్తావించడం లేదు.

దీవుల ముఖ్యపట్టణం పోర్టుబ్లెయిరు. 2024 సెప్టెంబరులో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అంతకు ముందు 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. పాత పుస్తకాలలోను, ప్రజల నోళ్లలోను పాత పేర్లు ఇంకను నిలిచి ఉన్నవి కాబట్టి యాత్రికులు రెండు పేర్లూ తెలుసుకొని ఉండడం మంచిది.

తెలుగువారికి ఈ దీవులు పూర్తిగా పరాయివి కావు. విశాఖపట్నం నుండి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3 లక్షల 80 వేల జనంలో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. వారి పూర్వులు ఎక్కువగా శ్రీకాకుళం మొదలైన ఉత్తరాంధ్ర ప్రాంతాల నుండి బ్రతుకు తెరువు కోసం వలస వెళ్లినవారు. అందరి నడుమ వ్యవహార భాష హిందీ. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన మన విద్యార్థులకు అక్కడ మాటకు ఇబ్బంది ఉండదు.

ఏ మాసంలో వెళ్లాలి?

యాత్ర సాఫీగా సాగడమో, సాగకపోవడమో చాలవరకు ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నది. నైరుతి ఋతుపవనాలు మన దేశంలో మొట్టమొదట తాకేది అండమాను సముద్రాన్నే. కేరళకు జూన్ మొదటి తేదీ ప్రాంతంలో చేరే వానలు అండమానుకు మే మూడవ వారంలోనే చేరుకుంటాయి. అవి సెప్టెంబరు వరకు కురుస్తాయి. అవి వెనుదిరిగిన తరువాత ఈశాన్య ఋతుపవనం వంతు. అక్టోబరు నుండి డిసెంబరు మొదటి వారాల వరకు ఆ సముద్రంలో వాయుగుండాలు పుడుతుంటాయి. వాటిలో కొన్ని తుఫానులై మన కోస్తాను తాకడం మనకు అనుభవమే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ప్రదేశమది.

ఇప్పుడు మన సెలవులను ఈ లెక్కతో పోల్చి చూద్దాం. దసరా సెలవులు అక్టోబరు ప్రాంతంలో వస్తాయి. అది తుఫానుల కాలం. వేసవి సెలవులలో మే రెండవ పక్షం వానల ఆరంభం. సంక్రాంతి సెలవులు మాత్రం అనుకూలమైనవి. సముద్రం నెమ్మదిగా, ఆకాశం నిర్మలంగా ఉండే రోజులవి. అయితే దేశమంతటి నుండి యాత్రికులు అప్పుడే వస్తారు గనుక వసతికి, ఓడలకు గిరాకీ హెచ్చు. ధరలు కూడ హెచ్చు. ఖర్చు తగ్గించుకోదలచిన బృందానికి ఫిబ్రవరి, లేదా పరీక్షలు ముందుగా ముగిసినట్లయితే ఏప్రిల్ మొదటి పక్షం తగిన కాలమని మా అభిప్రాయం. ఏప్రిల్‌లో ఎండ తీవ్రమైనా సముద్రపు నీరు తేటగా ఉంటుంది.

ప్రయాణ మార్గం

విమానం, ఓడ అని రెండు మార్గాలున్నవి. హైదరాబాదు, చెన్నై, కోల్‌కతా మొదలైన నగరాల నుండి విమానం సుమారు రెండు, రెండున్నర గంటలలో చేరుతుంది. 2023 జూలైలో అక్కడి విమానాశ్రయానికి కొత్త భవనం ప్రారంభమైంది. విమానపు టిక్కెట్టు ధర రోజురోజుకు మారుతుంది. సామాన్యంగా రెండు మూడు నెలల ముందు కొన్నవారికి చౌకగా లభిస్తుంది. పెద్ద బృందాలు ఒక్కసారే ఎక్కువ టిక్కెట్లు కొనబోతే ధర పెరగడం కద్దు. బృందపు ధరను విడిగా అడిగి తెలుసుకొని, రెండింటినీ పోల్చి చూడాలి.

ఓడ ప్రయాణం మరొక విధమైన అనుభవం. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి ప్రభుత్వ నౌకలు సుమారు రెండున్నర నుండి నాలుగు రోజులలో చేరుతాయి. విశాఖ నుండి నౌకలు తక్కువ. ఏ నెలలో ఏ తేదీన బయలుదేరునో ముందుగా విచారించి, తేదీ మారే అవకాశాన్ని కూడ మనసులో ఉంచుకోవాలి. ఓడలో పడక తరగతి మొదలు ప్రత్యేకమైన గదుల వరకు తరగతులున్నవి. రానుపోను ఓడలోనే ప్రయాణించితే ఆరేడు రోజులు దారికే సరిపోతాయి. కావున ఒకవైపు ఓడ, ఒకవైపు విమానం అనే పద్ధతి కాలాన్ని, అనుభవాన్ని రెండింటినీ నిలుపుతుంది.

ఓడలో కొందరికి తల తిరుగుట, వాంతులు కలుగుతాయి. లోపలి చెవిలోని సమతూక యంత్రాంగం కదలికను గ్రహిస్తుంటే, గదిలో కూర్చున్న కన్ను ఏదీ కదలడం లేదని చెబుతుంది. ఆ రెండు వార్తలకు పొత్తు కుదరకపోవడమే ఈ జబ్బుకు మూలం. అందుచేత ఓడ నడిమి భాగంలో, కుదుపు తక్కువగా ఉండే చోట కూర్చొని దూరాన ఆకాశం సముద్రంతో కలిసే గీతను చూడడం మంచి ఉపాయం. వైద్యుని అడిగి తెచ్చుకున్న మాత్ర ఓడ ఎక్కడానికి ముందే వేసుకోవాలి. వాంతులు మొదలైన తరువాత దాని ప్రయోజనం స్వల్పం. కడుపు నిండా తినడమూ, పూర్తిగా పస్తుండడమూ రెండూ తగవు.

గడియారం ఒక్కటే, సూర్యుడు వేరు

అండమానుకు వెళ్లేవారు తరచుగా ఏమరుపాటు పడే విషయమొకటి ఉన్నది. దేశమంతటికి గడియారం ఒక్కటే. కాని భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. హైదరాబాదుకు, శ్రీ విజయపురానికి నడుమ రేఖాంశాలలో సుమారు 14 డిగ్రీల భేదం ఉన్నది. అంటే అక్కడ సూర్యుడు మన కంటె దాదాపు 57 నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తాడు. జనవరి మాసంలో సాయంకాలం 5 గంటలు దాటిన కొద్దిసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు. 6 గంటలకు చీకటి.

కాబట్టి ఇక్కడి అలవాటు ప్రకారం 8 గంటలకు లేచి, 10 గంటలకు బయలుదేరేవారు సగం పగటిని పోగొట్టుకుంటారు. తెల్లవారుజామున 5 గంటలకే లేచి, 6 గంటలకు బయలుదేరి, సాయంకాలం 4 గంటలకు తీరం విడిచి రావాలి. భోజన సమయాలు, నమాజు వేళలు సైతం అక్కడి సూర్యోదయాస్తమయాలను బట్టి ముందే గుర్తించి కార్యక్రమం వేసుకోవాలి.

రోజుల కూర్పు

ఎన్ని దీవులు చూచామన్నది గొప్ప కాదు. ఐదు రోజులలో ఎనిమిది స్థలాలు చూడాలని బయలుదేరినవారు ఎక్కువ కాలం రేవులలో వరుసలు కట్టడానికే వెచ్చిస్తారు. మా సూచన ప్రకారం ఆరు రాత్రుల కార్యక్రమం ఈ విధంగా ఉండవచ్చు. మొదటి రోజు విశ్రాంతి, సాయంకాలం సెల్యులర్ జైలు. రెండవ రోజు రాస్ దీవి, పట్టణంలోని మ్యూజియములు. మూడవ రోజు ఉదయపు ఓడకు స్వరాజ్ ద్వీప్ చేరి అక్కడ రెండు రాత్రులు. ఐదవ రోజు షహీద్ ద్వీప్‌లో ఒక రాత్రి. ఆరవ రోజు తిరిగి ముఖ్యపట్టణం చేరి, ఆ రాత్రి అక్కడే బస. ఏడవ రోజు విమానం.

ఇందులో చివరి రాత్రి ముఖ్యపట్టణంలో గడపడం ప్రధానమైన నియమం. దీవుల నడుమ నడిచే ప్రభుత్వపు ఓడలు, ప్రైవేటు ఓడలు గాలి, అలలు హెచ్చినప్పుడు నిలిచిపోతాయి. స్వరాజ్ ద్వీప్‌కు ప్రభుత్వపు ఓడ రెండున్నర గంటలు, వేగంగా పోయే ప్రైవేటు ఓడ గంటన్నర తీసుకొంటుందని కాగితం మీద లెక్క వేసి, మధ్యాహ్నపు విమానానికి ఆ ఉదయమే అక్కడి నుండి బయలుదేరడం సాహసమే అవుతుంది. ఒక్క ఓడ ఆగితే ముప్పది మంది విమానపు టిక్కెట్లు వ్యర్థమవుతాయి. ఓడ టిక్కెట్లలో ప్రయాణికుని పేరు, గుర్తింపు పత్రం అడుగుతారు గనుక వాటి నకళ్లు ప్రతి విద్యార్థి వద్ద రెండేసి ఉండాలి.

సముద్రంతో మెలకువ

పోటు పాటుల సంగతి తెలియకుండా సముద్రతీరానికి పోరాదు. చంద్రుని ఆకర్షణ చేత రోజుకు రెండు పర్యాయాలు నీరు ఎక్కుతుంది, రెండు పర్యాయాలు దిగుతుంది. చంద్రోదయం వలెనే ఇది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్య, పున్నములకు సూర్యచంద్రుల ఆకర్షణలు ఒకే వరుసలో కలవడం చేత పోటు అధికం, పాటు కూడ అధికం. అష్టమి ప్రాంతాలలో రెండూ స్వల్పం. షహీద్ ద్వీప్‌లో సహజంగా ఏర్పడిన రాతి వంతెనను దగ్గరగా చూడాలంటే నీరు దిగిన వేళకు పోవాలి. ఈత కొట్టాలంటే నీరు తగినంత ఉన్న వేళ కావాలి. కాబట్టి గోడ మీది పంచాంగం యాత్రికునికి మంచి మిత్రుడు. తిథి చూచుకొని, స్థానికంగా పోటు వేళలు అడిగి, ఆ రోజు కార్యక్రమం నిర్ణయించుకోవాలి.

తీరం నుండి లోపలికి లాగుకొనిపోయే ప్రవాహంలో చిక్కుకున్నవారు సాధారణంగా ఒడ్డు వైపు ఎదురీదడానికి ప్రయత్నించి అలసి మునిగిపోతారు. అటువంటి ప్రవాహం వెడల్పు తక్కువ. అందుచేత ఒడ్డుకు సమానాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం నుండి బయటపడిన తరువాతనే ఒడ్డుకు మళ్లాలి. అండమాను మడ అడవులలోను, కయ్యలలోను ఉప్పునీటి మొసళ్లు ఉన్నవి. మొసలి హెచ్చరిక పలక ఉన్న చోట మోకాటిలోతు నీటిలోనికి కూడ దిగరాదు. ఆ పలకను అలంకారంగా భావించి పక్కన నిలిచి ఛాయాచిత్రం తీయించుకొని, వెంటనే నీటిలో దిగేవారి అవివేకానికి మందు లేదు.

గాలి తొట్టి ధరించి నీటి అడుగుకు పోయే స్కూబా క్రీడ మీద యువకులకు మోజు హెచ్చు. ఈత రానివారిని సైతం శిక్షకుడు పట్టుకొని లోతు తక్కువ గల చోటికి తీసుకొనిపోతాడు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి జబ్బు కలవారు ఆ సంగతిని దాచరాదు. మరొక విషయం: నీటి ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది, పైకి వచ్చిన తరువాత క్రమంగా బయటకు పోతుంది. అది పూర్తిగా పోకముందే విమానం ఎక్కితే, పైన గాలి పీడనం తక్కువ గనుక ఆ నత్రజని బుడగలై కీళ్లలోను, నరాలలోను చిక్కుకొని ప్రమాదం తెస్తుంది. కావున నీటి అడుగుకు పోయిన తరువాత ఒక పూర్తి రోజు గడిచేవరకు విమానం ఎక్కకపోవడం క్షేమం. మేము సూచించిన కార్యక్రమంలో చివరి రోజున స్కూబాను చేర్చకపోవడానికి కారణమిదే.

2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ దీవులు మరువలేవు. ఆనాటి భూకంపానికి దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింటు వద్ద నేల దాదాపు 4 మీటర్లు కుంగి దీపస్తంభం మొదలు నీట మునిగింది. ఉత్తర అండమానులో నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి ఎండిపోయినవి. ఆ విషాదం తరువాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అది ఉన్నది ఏ సముద్రతీరంలోనో కాదు, మన హైదరాబాదులోని ప్రగతినగరులో, జాతీయ సముద్ర సమాచార కేంద్రంలో. అలల ఎత్తును గురించిన సూచనలు కూడ అక్కడి నుండే వెలువడుతాయి. బయలుదేరే ముందు వాటిని చూచుకోవడం మన బాధ్యత. అయితే భూకంప కేంద్రం దగ్గరలో ఉన్నప్పుడు హెచ్చరిక చేరేవరకు వేచి ఉండరాదు. తీరంలో ఉండగా నేల గట్టిగా, ఎక్కువసేపు కంపించినా, సముద్రం అకస్మాత్తుగా వెనుకకు పోయినా సామాను వదలి ఎత్తైన చోటికి పరుగెత్తడమే కర్తవ్యం. బయటపడిన చేపలను చూడబోయి ఆనాడు ప్రాణాలు కోల్పోయినవారు ఎందరో!

పగడాలను చూడండి, తాకకండి

పగడపు దిబ్బ రాయి కాదు. అతి సూక్ష్మమైన జీవులు సున్నపు గూళ్లు కట్టుకొంటూ తరతరాలుగా నిర్మించిన నగరమది. వాటి శరీరంలో నివసించే సూక్ష్మమైన నాచు సూర్యకాంతితో ఆహారం తయారు చేసి వాటికి పెడుతుంది. ఆ రంగులు కూడ చాలవరకు దానివే. సముద్రపు నీరు మామూలు కంటె వేడెక్కితే ఆ పొత్తు చెడి పగడం తెల్లబడుతుంది. 2010లో అండమాను పగడాలు ఈ విధంగా విస్తారంగా తెల్లబడినవి. బండవలె పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ మాత్రమే పెరుగుతుంది. అంటే మన పాదం కింద విరిగిన జానెడు ముక్క మన వయస్సు కంటె పెద్దది కావచ్చు. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నది. తీరంలో పడి ఉన్న చచ్చిన పగడాన్ని ఏరుకొని తెచ్చినా విమానాశ్రయపు తనిఖీలో పట్టుబడుతారు. స్నేహితులకు కానుకగా గవ్వ, పగడం తేవలెనని కోరిక ఉన్నవారు దానిని అక్కడే విడిచిరావడం మేలు.

తాగునీటి సంగతి కూడ ఇటువంటిదే. వాన విస్తారంగా కురిసినా నేల వాలు ఎక్కువ గనుక నీరు త్వరగా సముద్రం పాలవుతుంది. ముఖ్యపట్టణానికి ప్రధానాధారం ధనిఖారి జలాశయం. వేసవి మాసాలలో దానిలో నీరు అడుగంటుతుంది. మనం విడిదిలో అర్ధగంట స్నానం చేసిన నాడు ఊరిలో ఒక ఇల్లాలు కుళాయి కోసం వేచి ఉండవచ్చు. ప్రతి ఒక్కరూ లోహపు నీటి సీసా తీసుకొనిపోవాలి. ప్లాస్టిక్ చెత్తను తెచ్చిన సంచిలోనే తిరిగి తెచ్చుకోవాలి.

వారు చూడవలసిన వింత కాదు

ఈ వ్యాసంలో మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచిన విషయమిది. అండమానులలో గ్రేట్ అండమానీయులు, ఓంగీలు, జారవాలు, సెంటినెలీయులు అనే ఆదివాసులు ఉన్నారు. వేల సంవత్సరాలుగా ఆ అడవులు వారివి. 1858లో బ్రిటిషువారు వచ్చేనాటికి గ్రేట్ అండమానీయులు కొన్ని వేలమంది ఉండేవారు. బయటివారు తెచ్చిన రోగాలు, ముఖ్యంగా 1877 నాటి తట్టు, వారిని తుడిచిపెట్టినవి. 2011 లెక్కలకు వారు వందమందికి లోపే. జారవాలు 1990ల చివరి వరకు బయటివారితో స్నేహం చేయలేదు. చేసిన కొద్దికాలానికే, 1999లో, వారిలోను తట్టు వ్యాపించింది. మనకు రెండు రోజుల జ్వరం వారికి ఒక జాతి అంతమయ్యే ఆపద.

అందుచేతనే 1956లో ఆదివాసుల రక్షణకు ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. 2012లో శిక్షలు కఠినమైనవి. ఉత్తర సెంటినెల్ దీవికి పోవడం నిషిద్ధం. 2018 నవంబరులో ఆ నిషేధాన్ని ధిక్కరించి పోయిన ఒక విదేశీయుడు ప్రాణం కోల్పోయాడు. బారాతాంగ్ వైపు పోయే రహదారి జారవాల అడవి మధ్య నుండి పోతుంది. అక్కడ వాహనాలు బారులుగా, నిర్ణీత వేళలలో, పహరాతో సాగాలి. ఆపరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు, తినుబండారాలు విసరరాదు. యాత్రికుల ముందు జారవా స్త్రీలను ఆహారం ఆశ చూపి నర్తింపజేసిన దృశ్యం 2012లో వెలుగులోకి వచ్చినప్పుడు దేశం సిగ్గుతో తల వంచుకొన్నది.

‘ఆదివాసులను చూపిస్తాము’ అని ఆశపెట్టే వాహనదారులు నేటికీ ఉండవచ్చు. అటువంటివారి మాటకు మన విద్యార్థులు లొంగరాదు. సున్నపురాతి గుహలు చూడడానికి ఆ దారిన పోవలసి వస్తే నిబంధనలు పాటించి పోవాలి. చూడదలచినది జారవాలనే అయితే ఆ దారిన పోకపోవడమే సంస్కారం. అల్పసంఖ్యాకుల గౌరవం ఎంత విలువైనదో ఇటువంటి కళాశాలలో చదివే మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

చరిత్ర చదివి వెళ్లండి

ఈ దీవులకు కాలాపానీ అనే మరొక పేరున్నది. 1857 తిరుగుబాటు అణగిన తరువాత 1858 మార్చి 10న 200 మంది ఖైదీలతో మొదటి ఓడ ఇక్కడికి చేరింది. సుప్రసిద్ధ పండితుడు మౌలానా ఫజ్లెహక్ ఖైరాబాదీ ఇక్కడికి పంపబడి, ఆ తిరుగుబాటు వృత్తాంతాన్ని అరబ్బీలో రచించి, 1861లో ఇక్కడే కన్ను మూసినాడు. మౌలానా జాఫర్ థానేసరీ సుమారు 18 సంవత్సరాలు శిక్ష అనుభవించి తిరిగి వచ్చి తన అనుభవాలను ఉర్దూలో గ్రంథస్థం చేశాడు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి మేయోను ఇక్కడ పొడిచి చంపిన షేర్ అలీ వైపర్ దీవిలో ఉరికంబం ఎక్కినాడు.

హైదరాబాదుకు కూడ ఈ కథలో స్థానం ఉన్నది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి నడిపారు. కోఠీలో నేడు మహిళా విశ్వవిద్యాలయం నడుస్తున్నది ఆ రెసిడెన్సీ ఆవరణలోనే. మౌల్వీ అలావుద్దీన్ అండమానుకు పంపబడినాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడ అండమానులో శిక్ష అనుభవించి, స్వాతంత్ర్యానంతరం 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు.

సెల్యులర్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. నడుమ బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు బారులు. ఒక గది ఖైదీకి మరొక గది ఖైదీ ముఖం కనబడకుండా కట్టిన కట్టడమది. ఏడింటిలో మూడు బారులే నేడు మిగిలి ఉన్నవి. 1979లో అది జాతీయ స్మారకమైంది. ముందుగా ఒక పుస్తకమైనా చదివి వెళ్లినవారికి ఆ గోడలు మాట్లాడుతాయి. చదవనివారికి అవి గోడలుగానే మిగులుతాయి. యాత్రకు ముందు నెలలో చరిత్ర శాఖ, ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలిసి ఒక్కొక్క ఉపన్యాసం ఏర్పాటు చేయవచ్చు.

ఖర్చు, బాధ్యత

ఖర్చును రెండు భాగాలుగా విడదీసి చూడాలి. తలకు ఇంత అని పడేవి మొదటివి: టిక్కెట్లు, భోజనం. బృందానికి ఇంత అని పడేవి రెండవవి: బస్సు, పడవ, మార్గదర్శి. రెండవ తరగతి ఖర్చు పదిమంది పంచుకున్నా, ముప్పదిమంది పంచుకున్నా అంతే. కావున వాహనంలో ఎన్ని స్థానాలున్నవో చూచి దానికి సరిపడునట్లు బృందం సంఖ్యను నిర్ణయించుకోవాలి. ఓడలు నిలిచిపోతే రెండు రోజులు అదనంగా ఉండవలసి రావచ్చు. ఆ రెండు రోజుల ఖర్చును విడిగా నిల్వ ఉంచనిదే బయలుదేరరాదు. 2020లో చెన్నై నుండి సముద్రగర్భపు తీగ వేసిన తరువాత ఫోను, ఇంటర్నెట్ సౌకర్యం మెరుగుపడినా చిన్న దీవులలో అది అన్ని వేళలా పని చేయదు. కొంత నగదు చేతిలో ఉండాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ప్రతి పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు, విద్యార్థినులు ఉన్న బృందానికి తప్పక ఒక అధ్యాపకురాలు ఉండాలి. తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారం, ప్రతి విద్యార్థి రక్తపు వర్గం, జబ్బులు, వాడే మందుల వివరాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. ఓడ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, నీటిలోనికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు హాజరు తీయాలి. ఫీజు కట్టలేని పేద విద్యార్థులలో ఒకరిద్దరికైనా కమిటీ సాయం చేస్తే, ఆ యాత్ర కళాశాల మొత్తానికి చెందినదవుతుంది.

ద్వీపం చిన్నది. దాని నీరు, నేల, ఓడలు, పగటి వెలుగు అన్నీ పరిమితమే. ఆ పరిమితిని ముందుగా తెలుసుకొని, దానికి లోబడి కోరికలను కుదించుకోవడమే ద్వీపయాత్రకు ప్రణాళిక. అతిథి వచ్చి వెళ్లిన తరువాత ఆతిథేయుని ఇంటిలో నీటి కుండ ఖాళీ కారాదు, గోడ పగులరాదు, బిడ్డ జబ్బుపడరాదు. ఈ మూడు మాటలు గుర్తుంచుకొని వెళ్లిన విద్యార్థులు క్షేమంగా తిరిగి వచ్చి, వచ్చే ఏటి సంచికలో తమ అనుభవాలను మనకు చెబుతారని ఆశిస్తాము.